వైద్యాలయ పాలన: చూచి నేర్వవలసిన విద్య

మన విద్యార్థినీ విద్యార్థులలో ఇంటర్మీడియట్ బై.పి.సి. చదివి వచ్చినవారిని పలుకరిస్తే, వారిలో అనేకులు ఒకనాడు డాక్టరు కావాలని కలలు కన్నవారే. ఆ కోరిక ఉత్తమమైనదే. కాని వైద్య ప్రవేశ పరీక్ష వ్రాసేవారు లక్షల సంఖ్యలో ఉంటారు. సీటు పొందేవారు కొద్దిమంది. సీటు దొరకని నాడు ఆ ఇంట అలముకొనే విషాదాన్ని అధ్యాపకులమైన మేము ఏటేటా చూస్తూనే ఉన్నాము. రోగులకు సేవ చేయడానికి ఉన్నది ఒకే ద్వారమనీ, అది తమకు మూసుకొని పోయినదనీ ఆ పిల్లలు భావిస్తారు. ఇక బి.కాం., బి.ఏ. విద్యార్థులైతే ఆసుపత్రికీ తమ చదువుకూ ఎట్టి సంబంధమూ లేదనే అనుకొంటారు. ఈ రెండు భావనలూ సరియైనవి కావని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆసుపత్రి అనగానే మన కన్నుల యెదుట నిలిచేది తెల్లకోటు, మెడలో స్టెతస్కోపు. అయితే ఒక రోగి దవాఖానా గడప తొక్కినది మొదలు తిరిగి ఇల్లు చేరే వరకు అతనికి ఎదురయ్యే వారిలో వైద్యుడు ఒకడు మాత్రమే. ఓ.పి. చీటీ వ్రాసే గుమాస్తా, పాత కేసు షీటు వెదకి తీసే ఉద్యోగి, మందులు తెప్పించి నిలువ చేసే స్టోరు అధికారి, శస్త్రచికిత్స పరికరాలను ఆవిరిలో శుద్ధి చేసేవారు, పథ్యం వండేవారు, దుప్పట్లు ఉతికేవారు, లెక్కలు చూచేవారు, వీరందరి పనినీ ఒక త్రాటిపై నడిపించేవారు, వీరంతా కలిస్తేనే ఆసుపత్రి. ఈ నడిపించే విద్యకే వైద్యాలయ పాలన అని పేరు.

ఈ పాలన కుంటుపడిన చోట ఏమి జరుగుతుందో మనం ఇటీవలనే చూచాము. 2021 మే 10వ తేదీ రాత్రి తిరుపతిలోని రుయా ఆసుపత్రికి ఆక్సిజన్ ట్యాంకరు చేరడంలో ఆలస్యమై, గొట్టాలలో ప్రాణవాయువు పీడనం తగ్గిపోయింది. 11 మంది కరోనా రోగులు మరణించినట్లు ప్రభుత్వమే ప్రకటించింది. ఆ రాత్రి అక్కడ వైద్యులు ఉన్నారు, నర్సులు ఉన్నారు, పడకలు ఉన్నాయి. వేళకు రావలసిన ఒక బండి రాలేదు. నిలువ ఎంత ఉన్నది, గంటకు ఎంత ఖర్చగుచున్నది, తరువాతి బండి ఎక్కడ ఉన్నది అన్న మూడు లెక్కలపై మనుషుల ప్రాణాలు ఆధారపడి ఉంటాయని ఆ రాత్రి దేశానికంతటికీ తెలిసివచ్చింది.

ఈ విద్య మనకు కొత్తది కాదు. మహమ్మద్ కులీ కుతుబ్ షా 1595లో కట్టించిన దారుష్షిఫా ఒకేసారి వైద్యశాలగాను, యునానీ వైద్య పాఠశాలగాను వెలసినది. నేటికీ హైదరాబాదు పాతనగరంలో ఒక పేటకు ఆ పేరే నిలిచి ఉన్నది. అంతకు మూడు శతాబ్దాలకు పూర్వం, 1284-85లో కైరో నగరంలో సుల్తాన్ ఖలావూన్ నిర్మించిన బీమారిస్తాన్‌లో జ్వరపీడితులకు, నేత్రరోగులకు, శస్త్రచికిత్స కావలసిన వారికి వేరువేరు విభాగాలు ఉండేవి. దాని ఖర్చుకు వక్ఫ్ ఆస్తులు కేటాయించి, ఆ ఆదాయవ్యయాలను చూచుటకు పాలకుని నియమించారు. 1854లో క్రిమియా యుద్ధకాలాన స్కుటారీ సైనిక వైద్యశాలకు వెళ్ళిన ఫ్లారెన్స్ నైటింగేల్‌ను లోకం దీపం పట్టుకొన్న దేవతగా స్మరిస్తుంది. కాని ఆమె చేతిలో దీపంతోపాటు లెక్కల పుస్తకం కూడా ఉండేది. గాయాలకన్నా రోగాల వలననే ఎక్కువమంది సైనికులు మరణించారని అంకెలతో నిరూపించి, ఆసుపత్రుల నిర్మాణమూ పారిశుద్ధ్యమూ మారవలెనని ఆమె ప్రభుత్వాన్ని నిలదీసింది.

ఇట్టి విద్యను పుస్తకం చదివి నేర్వడం సాధ్యమా? కొంతవరకు సాధ్యమే. కాని ఈత గూర్చి ఎంత చదివినా నీటిలో దిగనిదే ఈత రాదు. అందుకే విద్యార్థులను ఆసుపత్రులకు తీసుకొని వెళ్ళాలన్న ఆలోచన మన కళాశాలలో మొదలైనది. ఆ ఆలోచన చేసినవారు అభినందనీయులు. అయితే ఆ సందర్శనం జరుగుతున్న తీరు గూర్చి నాలుగు మాటలు చెప్పవలసి ఉన్నది.

గత సంవత్సరం 40 మంది విద్యార్థులు ఒక బస్సులో నగరంలోని ఒక పెద్ద ఆసుపత్రిని దర్శించి వచ్చారు. ఉదయం పది గంటలకు స్వాగతం, ఒక అధికారి ఉపన్యాసం, స్కానింగు యంత్ర దర్శనం, తేనీరు, అందరూ కలిసి ఒక ఛాయాచిత్రం, ఒంటిగంటకు తిరుగు ప్రయాణం. మరునాడు తరగతిలో ఏమి చూచారని అడిగితే, అధిక సంఖ్యాకులు ఆ యంత్రాన్నీ అద్దాల తలుపులనూ వర్ణించారు. బి.కాం. చదివే ఒక విద్యార్థిని మాత్రం, "సార్, మందుల దగ్గర నాలుగు కిటికీలు ఉన్నాయి. రెండే తెరిచారు. వరుస మెట్ల దాకా వచ్చింది. మిగిలిన రెండూ ఎందుకు తెరవలేదు?" అని అడిగింది. వైద్యాలయ పాలనకు తొలి పాఠం ఆ ప్రశ్నలోనే ఉన్నది. కాని దానికి సమాధానం వెదకుటకు ఆమెకు మరొక పూట దొరకలేదు. సందర్శనం ముగిసిపోయినది.

నా అభిప్రాయంలో ఇట్టి విహారయాత్రల వలన ప్రయోజనం స్వల్పం. నలుబదిమంది మూడు గంటలు చూచుటకన్నా, నలుగురేసి విద్యార్థులు పదిరోజులు ఒక్కొక్క విభాగంలో కూర్చొనుట మేలు. ముందు ద్వారంనుండి కాక వెనుక ద్వారంనుండి ఆసుపత్రిని చూడవలెను. వెనుక ఏమున్నదని మీరు అడుగవచ్చును.

రికార్డు గది ఉన్నది. రుసుము తీసుకొని చేసే వైద్యసేవలు వినియోగదారుల రక్షణ చట్టం క్రిందకు వస్తాయని 1995లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన తరువాత, కేసు షీటు కేవలం వైద్యుని జ్ఞాపిక కాదు, న్యాయస్థానంలో సాక్ష్యం కూడా. ఒక కాగితం తప్పిపోతే రోగికీ నష్టమే, వైద్యునికీ నష్టమే.

మందుల స్టోరు ఉన్నది. అక్కడ ముందు వచ్చిన మందు ముందు పంపితే చాలదు. ముందు గడువు తీరే మందును ముందు పంపవలెను. మన వాణిజ్యశాస్త్ర విద్యార్థులు తరగతిలో నేర్చిన సరుకు నిలువల సూత్రం అక్కడ ప్రాణాలు నిలిపే సూత్రంగా మారుతుంది.

వ్యర్థ పదార్థాలను వేరు చేసే చోటు ఉన్నది. 2016 నాటి నిబంధనల ప్రకారం రక్తసిక్తమైన కట్లు పసుపుపచ్చని సంచిలో, వాడిన ప్లాస్టిక్ గొట్టాలు ఎర్రని సంచిలో, సూదులు గుచ్చుకొని బయటకు రాని తెల్లని డబ్బాలో, గాజు సీసాలు నీలి పెట్టెలో వేయవలెను. శుద్ధి చేయని వ్యర్థాలను 48 గంటలకు మించి నిలువ ఉంచరాదు. ఒక సూది తప్పు సంచిలో పడితే గుచ్చుకొనేది ఆ సంచి మోసే పేద కార్మికుని చేతికే. ఇది చూచిన విద్యార్థి ఆ రంగుల పట్టికను జన్మలో మరువడు.

ఇక పడకల లెక్క ఉన్నది. 100 పడకల ఆసుపత్రిలో ప్రతి రోగీ సగటున 6 రోజులు ఉంటే, 30 రోజులలో 500 మందికి పడక దొరుకుతుంది. పరీక్షల ఫలితాలు వేళకు రాక, బిల్లు తయారు కాక, ఇంటికి పంపే కాగితంపై సంతకం కాక వృథాయగుచున్న ఒక్క రోజును తగ్గించగలిగితే, అదే 100 పడకలలో 600 మందికి చోటు దొరుకుతుంది. ఒక్క ఇటుక పేర్చకుండా, ఒక్క మంచం కొనకుండా అదనంగా 100 మంది రోగులను ఆదుకొన్నట్లు! అయితే నయం కాని రోగిని తొందరపెట్టి పంపివేయడం పాలన అనిపించుకోదు. వృథాకూ విశ్రాంతికీ గల భేదం తెలియాలంటే వార్డులో నిలబడి చూడవలసినదే.

ఇచ్చట మన కళాశాలకు గల ఒక ప్రత్యేకతను మనవి చేస్తాను. మన విద్యార్థులలో అనేకులకు ఉర్దూ, తెలుగు రెండూ వచ్చును. పాతనగరంనుండి వచ్చిన ఒక ముసలి అమ్మీజాన్ తన బాధను ఉర్దూలో చెప్పుకొంటుంది. పాలమూరునుండి వచ్చిన రైతు తెలుగులో చెప్పుకొంటాడు. శస్త్రచికిత్సకు ముందు వారిచే సంతకమో, వేలిముద్రో తీసుకొనే పత్రం చాలాచోట్ల ఆంగ్లంలో ఉంటుంది. రోగికి తగిన సమాచారం తెలిపిన పిమ్మట పొందిన అంగీకారమే అంగీకారమని 2008లో సుప్రీంకోర్టు స్పష్టం చేసినది. అర్థం కాని భాషలో సమాచారం తెలిపినా తెలుపకపోయినా ఒకటే. రెండు భాషలలో నెమ్మదిగా, ఓర్పుతో, మర్యాదగా చెప్పగలిగిన యువతీయువకులు ఆసుపత్రులకు ఎంతో అవసరం. మనం ఇంటిలో ఉచితంగా నేర్చిన భాషలు అక్కడ ఒక వృత్తికి పెట్టుబడి కాగలవు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ పథకం ప్రారంభమైనప్పుడు, రోగికి దారి చూపి, కాగితాలు సరిచూచి, అనుమతులు ఇప్పించుటకై ఆరోగ్యమిత్రలను నియమించడంలోని ఆంతర్యం ఇదియే గదా!

అయితే ఈ రంగమంతా పూలబాట అని చెప్పి విద్యార్థులను మభ్యపెట్టడం నాకు సమ్మతం కాదు. డిగ్రీతో ప్రవేశించేవారికి తొలినాళ్ళలో లభించేది తరచుగా కౌంటరు ఉద్యోగమే. జీతం తక్కువ, వేళలు ఎక్కువ, రాత్రి డ్యూటీలు ఉంటాయి. బిల్లు చూచి కంటతడి పెట్టే బంధువుల యెదుట కూర్చోవలసి వస్తుంది. ఈ చేదు నిజం రెండేళ్ళ చదువుకు తండ్రి అప్పు చేసిన తరువాత తెలియుటకన్నా, పదిరోజుల సందర్శనంలోనే తెలియుట శ్రేయస్కరం. కొందరు చూచి ఇది మాకు తగదనుకొని మరలివస్తారు. అదియును లాభమే. మరికొందరు ఇందులోనే నిలుస్తారు. అట్టివారికి పై చదువులకు దారి ఉన్నది. మన నగరంలోని నిమ్స్ సంస్థలోను, ముంబైలోని టాటా సామాజికశాస్త్రాల సంస్థలోను ఆసుపత్రి పాలనలో స్నాతకోత్తర విద్య లభిస్తున్నది. ఢిల్లీ ఎయిమ్స్‌లో వైద్య పట్టభద్రులకు ప్రత్యేక శిక్షణ ఉన్నది.

కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి ఇది. ఒకటి, ఒక ప్రభుత్వ ఆసుపత్రితోను, ఒక ప్రైవేటు ఆసుపత్రితోను వ్రాతపూర్వకమైన ఒప్పందం చేసుకొని, సెలవులలో చిన్న చిన్న జట్లను పదేసి రోజులు పంపాలి. రెండు, విద్యార్థినుల రాకపోకలకు బండి ఏర్పాటు చేసి, వెంట ఒక అధ్యాపకురాలిని ఉంచాలి. లేనిచో తల్లిదండ్రులు అనుమతించరు, అనుమతించకపోవడం వారి తప్పు కాదు. మూడు, బస్సు చార్జీలు పెట్టుకోలేని వారికి కళాశాల నిధినుండి ఇవ్వాలి. నాలుగు, బయలుదేరుటకు ముందు ఒక తరగతి జరిపి, వార్డులలో ఛాయాచిత్రాలు తీయరాదనీ, రోగి పేరుగాని, రోగంపేరుగాని బయట పలుకరాదనీ ప్రమాణం చేయించాలి. ఐదు, తిరిగివచ్చిన ప్రతి విద్యార్థీ తాను చూచిన ఒక్క చిక్కును గూర్చి, దానికి తనకు తోచిన పరిష్కారాన్ని గూర్చి నాలుగు పుటలు వ్రాసి, ఆ ఆసుపత్రికే సమర్పించాలి.

దీనివలన పాఠ్యాంశాలు వెనుకబడునని కొందరు మిత్రులు అంటున్నారు. సెలవులలో పంపితే ఆ చిక్కు రాదు. ఆసుపత్రులు అంగీకరించవని మరికొందరి సందేహం. నలుబదిమంది గుంపు వస్తే వారికి అడ్డే. నలుగురు వచ్చి వరుసలోని వారికి ఫారాలు నింపి పెడితే అది సహాయం. ఖర్చు మాటకు వస్తే, పై కోరికలన్నింటిలో డబ్బు కావలసినవి రెండే: బండి, బస్సు చార్జీలు.

ప్రియమైన విద్యార్థులారా, మీలో ప్రతి ఒక్కరూ ఏదో ఒకనాడు ఇంటి పెద్దలను వెంటబెట్టుకొని దవాఖానాలో వరుసలో నిలిచినవారే. అప్పుడు కలిగిన విసుగును ఒక ప్రశ్నగా మార్చుకొని వెళ్ళండి. ఈ వరుస ఎందుకు ఇంత పొడుగున్నది? ఈ కాగితం ఎందుకు మూడుచోట్ల తిరుగుచున్నది? ఈ అవ్వకు ఎవరూ ఎందుకు దారి చెప్పలేదు? వీటికి సమాధానం కనుగొనుటకు తెల్లకోటు అవసరం లేదు. రెండు తెరవని కిటికీలను గమనించిన ఆ విద్యార్థినికి ఉన్నపాటి చూపు ఉంటే చాలును. ఆ చూపునకు పదిరోజుల అవకాశం కల్పించుట కమిటీవారి చేతిలోని పని.