నార్కొండం రాడార్: ఒక పక్షి, రెండు ప్రభుత్వాలు

ఉత్తర అండమాన్‌కు తూర్పున, సముద్రం నడుమ, చల్లారిన అగ్నిపర్వతం ఒకటి 710 మీటర్ల ఎత్తున నిలిచి ఉంది. దాని పేరు నార్కొండం. ‘నరకకుండం’ అన్న మాటే అలా మారిందనీ, నిప్పులు కక్కే బారెన్ దీవికి చెందవలసిన పేరు పొరపాటున దీనికి అంటుకున్నదనీ ఒక వాదన. దీవి విస్తీర్ణం ఏడు చదరపు కిలోమీటర్లకు లోపే. లోకంలో మరెక్కడా కనిపించని నార్కొండం హార్న్‌బిల్‌కు ఆ కాస్త అడవే సర్వస్వం.

నల్లని ఒళ్లు, తెల్లని తోక, గొంతు కింద లేతనీలి చర్మం. మగపక్షికి తల, మెడ ఇటుకరంగులో మెరుస్తాయి. గుడ్లు పెట్టే వేళ ఆడపక్షి చెట్టుతొర్రలో చేరి, సన్నని చీలిక మాత్రం మిగిల్చి ద్వారాన్ని మూసుకుంటుంది. మగపక్షి ఆ చీలికగుండానే ఆహారం అందిస్తుంది. అది చనిపోతే లోపలివారికి పస్తే. 2019-20లో జరిగిన సర్వే ఈ పక్షుల సంఖ్యను సుమారు వెయ్యిగా అంచనా వేసింది. జాతి మొత్తం అంతే.

ఈ దీవిపై భారత సార్వభౌమత్వాన్ని 1986 నాటి సముద్ర సరిహద్దు ఒప్పందంతో బర్మా అంగీకరించింది. వాయవ్యాన ఉన్న కోకో దీవులు మయన్మార్‌వి. అక్కడినుంచి చైనా నిఘా సాగుతున్నదన్న అనుమానం ఢిల్లీకి పాతదే. కనుక నార్కొండంపై తీరరక్షక దళం రాడార్ కోరడంలో అసంబద్ధమేమీ లేదు. 2012 ఆగస్టులో నాటి పర్యావరణ మంత్రి జయంతి నటరాజన్ ఆ ప్రతిపాదనను తిరస్కరించారు. 2014 జూన్‌లో ప్రకాశ్ జావడేకర్ అనుమతించారు. ఆ రెండేళ్లలో పక్షి మారలేదు, కోకో దీవులు కదలలేదు, మారింది ప్రభుత్వమే. మొదటి నిర్ణయం దేశభద్రతను విస్మరించిందా, రెండవది అడవిని విస్మరించిందా అన్న చర్చ మాత్రం ‘పక్షి ముఖ్యమా, దేశం ముఖ్యమా’ అన్న చవకబారు ప్రశ్న దగ్గరే ఆగిపోయింది.

ఆ ప్రశ్న ఎంత పొరపాటో దీవి చరిత్రే చెబుతుంది. 1969లో అక్కడ పోలీసు స్థావరం వెలసింది. 1976లో మాంసం కోసమని మేకలను దింపారు. మరుసటి ఏడాదే ఆ దీవి వన్యప్రాణి అభయారణ్యమైంది, మేకలు మాత్రం యథేచ్ఛగా పెరిగి మొలకలను మేశాయి. వాటిని తొలగించడానికి ఏళ్లు పట్టింది. అడవిని గాయపరచింది తుపాకీ కాదు, రక్షణకు వెళ్లినవారి వంటిల్లు. రాడార్‌కూ ఇల్లూ వాకిలీ కావాలి: డీజిల్, జనరేటర్, కాపలా సిబ్బంది, దారి, సామాను దించే పడవ.

అనుమతితోపాటు విధించిన షరతులేవి, అవి ఎంతవరకు అమలయ్యాయి, ఎన్ని చెట్లు పోయాయి, పక్షులను ఏటా లెక్కించి ఎవరికి నివేదిస్తున్నారు? ఇవి శత్రువుకు చిక్కరాని సైనిక రహస్యాలు కావు. పార్లమెంటు ముందుంచదగిన లెక్కలే. అండమాన్ నికోబార్‌కు లోక్‌సభలో ఉన్నది ఒకే స్థానం. అందుచేత ఈ ప్రశ్నను ఇతర రాష్ట్రాల సభ్యులు కూడా అడగవలసి ఉంటుంది.