డెమునా.. మెమునా.. రైలు బస్సా? చిన్న లైన్లకు ఏ బండి సరిపోతుంది?

దేశంలో బ్రాడ్‌గేజ్ రైలు మార్గాల విద్యుదీకరణ 99 శాతం దాటేసింది. 2014 నాటికి సుమారు 21,800 కిలోమీటర్లకే ఉన్న కరెంటు తీగలు ఇప్పుడు దాదాపు నెట్‌వర్క్ మొత్తానికీ పాకాయి. మరి ఇలాంటి టైమ్‌లో డీజిల్ రైళ్ల గురించి మాట్లాడుకోవడం ఎందుకు? అక్కడే అసలు విషయం ఉంది. తీగలైతే వచ్చేశాయి కానీ, చిన్న స్టేషన్లలో ఆగే బండ్లు ఎలా ఉండాలి, రోజుకు ఎన్ని సార్లు తిరగాలి అన్న ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది. ఇన్నాళ్లూ బ్రాంచ్ లైన్లలో ఆ పని చేసిపెట్టింది డీజిల్ డెములే. వాటిని ఎక్కడ ఉంచాలి, ఎక్కడ తీసేయాలి, తీసేస్తే వాటి ప్లేస్‌లో ఏం నడపాలి? ఈ లెక్క తప్పితే నష్టపోయేది ఊరి ప్రయాణికుడే.

అసలు డెము ఎందుకు వచ్చింది?

ఒకప్పుడు బ్రాంచ్ లైన్ అంటే ఒక లోకో, దాని వెనక నాలుగైదు బోగీలు. ఒక్క డీజిల్ లోకో బరువే 110 టన్నులకు పైగా ఉంటుంది. సాధారణ ఐసీఎఫ్ బోగీ ఖాళీ బరువు 40 టన్నుల లోపే. అంటే నాలుగు బోగీల చిన్న బండికి 3 వేల హార్స్‌పవర్ లోకో తగిలిస్తే, ఇంధనంలో పెద్ద వాటా ఆ లోకోని మోయడానికే పోతుంది. పైగా చివరి స్టేషన్‌లో లోకోని విప్పాలి, పక్క లైన్ మీదుగా తిప్పాలి, రెండో వైపు తగిలించాలి. దానికి అదనపు లైన్ కావాలి, సిబ్బంది కావాలి, టైమ్ కూడా కావాలి.

డెము ఈ తలనొప్పిని తగ్గించింది. రెండు వైపులా డ్రైవింగ్ క్యాబ్ ఉంటుంది కాబట్టి, చివరి స్టేషన్‌లో లోకో పైలట్ ఇటు నుంచి అటు వెళ్లి కూర్చుంటే చాలు, బండి వెనక్కి బయల్దేరుతుంది. మన దేశంలో తొలి డెములు 1994లో పంజాబ్‌లోని జలంధర్ - హోషియార్‌పూర్ మార్గంలో మొదలయ్యాయి. అప్పట్లో వాటి ఇంజిన్ 700 హార్స్‌పవర్. ఆ తర్వాత 1400, 1600 హార్స్‌పవర్ బండ్లు వచ్చాయి.

ఇంజిన్ సైజుతో పాటు, ఆ శక్తిని చక్రాలకు చేర్చే పద్ధతి కూడా మారింది. తొలి 700 హార్స్‌పవర్ బండ్లలో హైడ్రాలిక్ పద్ధతి వాడారు. అంటే ఇంజిన్ తిప్పే బలం ద్రవం ద్వారా చక్రాలకు వెళ్తుంది. తర్వాతి 1400 హార్స్‌పవర్ బండ్లలో ఇంజిన్ జనరేటర్‌ని తిప్పుతుంది, ఆ కరెంటుతో మోటార్లు చక్రాలను తిప్పుతాయి. మోటార్లు, కంట్రోల్ సిస్టమ్‌లు రైల్వే వర్క్‌షాపులకు ముందు నుంచీ అలవాటైనవే. బండిని ఎంచుకునేటప్పుడు ఇది చిన్న విషయం కాదు. స్థానిక షెడ్‌లో రిపేర్ చేయలేని బండి ఎంత మంచిదైనా, నెలలో సగం రోజులు షెడ్‌లోనే ఉంటుంది.

మన లైన్లలో ఏం జరిగింది?

నంద్యాల - ఎర్రగుంట్ల లైన్‌నే చూడండి. 123 కిలోమీటర్ల ఈ మార్గం 2016లో పూర్తిగా అందుబాటులోకి వచ్చింది. తీగలు లేని కొత్త లైన్ మీద కడప వైపు వెళ్లే జనానికి తొలి సౌకర్యం డెము రైలే. తెలంగాణలో 2022లో మెదక్‌కు, 2023 అక్టోబర్‌లో సిద్దిపేటకు రైలు వచ్చినప్పుడు కూడా సర్వీస్ మొదలైంది ఇలాంటి బండితోనే. కొత్త లైన్ తెరిచిన తొలి రోజుల్లో డెముకి మించింది లేదు. సబ్‌స్టేషన్ అక్కర్లేదు, తీగలు అక్కర్లేదు. ట్రాక్‌కి భద్రతా అనుమతి వచ్చి, బండి, సిబ్బంది ఉంటే చాలు.

ఇంతకంటే చిన్న ప్రయోగం కూడా మన దగ్గరే జరిగింది. అదే రైలు బస్సు. కాకినాడ - కోటిపల్లి లైన్ 1928లో వేశారు. రెండో ప్రపంచ యుద్ధం టైమ్‌లో, 1940లో పట్టాలు పీకేశారు. మళ్లీ 2004లో లైన్ పునరుద్ధరించాక సుమారు 45 కిలోమీటర్ల దారిలో ఒకే పెట్టె ఉన్న రైలు బస్సు తిరిగింది. ఉత్తరాంధ్రలో బొబ్బిలి - సాలూరు మధ్య కూడా ఇదే తరహా బండి నడిచింది.

ఆలోచన మంచిదే. జనం తక్కువ ఉన్న చోట చిన్న బండి నడిపితే ఖర్చు తగ్గుతుంది. కానీ రెండు చిక్కులు ఉన్నాయి. ఒకటి, పండగలకో తీర్థానికో జనం పెరిగితే ఇంకో పెట్టె తగిలించే వీలు ఉండదు. రెండు, ఉన్న ఒక్క బండి చెడిపోతే ఆ రోజుకి లైన్ మొత్తం బంద్. ఇంకోచోట నుంచి బండి తెద్దామంటే, అలాంటివి దేశంలో ఉన్నవే కొన్ని. ఒకసారి నమ్మకం పోతే ప్రయాణికుడు స్టేషన్ వైపు రావడమే మానేస్తాడు. ఆ తర్వాత "జనం లేరు కాబట్టి సర్వీస్ తగ్గిస్తున్నాం" అనే మాట చాలా తేలిగ్గా వచ్చేస్తుంది.

బ్రిటన్ ఇదే దారిలో వెళ్లి ఏం నేర్చుకుంది?

రైలు బస్సు ఆలోచన మనది మాత్రమే కాదు. 1980ల్లో బ్రిటన్‌లో చిన్న లైన్లకు డబ్బులు లేని పరిస్థితి. అప్పుడు లేలాండ్ నేషనల్ బస్సు బాడీ డిజైన్ తీసుకుని, కింద నాలుగు చక్రాల రైలు ఫ్రేమ్ పెట్టి 'పేసర్' అనే డీజిల్ రైళ్లు తయారు చేశారు. తక్కువ ఖర్చుతో వచ్చిన ఆ బండ్లు చాలా చిన్న లైన్లను బతికించాయన్న మాట నిజం. అయితే బోగీ చక్రాలు లేకపోవడంతో కుదుపులు, వంపుల దగ్గర కీచుమని చప్పుడు. తాత్కాలికం అనుకున్నవి మూడున్నర దశాబ్దాలు తిరిగాయి. చివరికి దివ్యాంగుల సౌకర్యాల నిబంధనలకు సరిపోక ఒక్కొక్కటిగా తప్పుకున్నాయి. 2021 నాటికి రెగ్యులర్ సర్వీసుల నుంచి పూర్తిగా వెళ్లిపోయాయి.

వాటి స్థానంలో ఉత్తర ఇంగ్లండ్‌కు 2019 నుంచి వచ్చిన క్లాస్ 195 రైళ్లు కూడా డీజిల్‌వే. కానీ డిజైన్ వేరు. రెండు లేదా మూడు బోగీలే ఉంటాయి. ప్రతి బోగీ కింద సొంత ఇంజిన్ ఉంటుంది. ఒక ఇంజిన్ ఆగినా రెండోది బండిని లాక్కెళ్తుంది. జనం ఎక్కువైతే రెండు సెట్లు కలిపేస్తారు. మన నాలుగు బోగీల డెములో పవర్ కార్ ఒక్కటే. అది మొరాయిస్తే బండి ఉన్నచోటే ఆగాలి. పైగా ఆ పవర్ కార్‌లో ఎక్కువ చోటు ఇంజిన్‌కే పోతుంది.

అంటే చిన్న లైన్‌కి పనికొచ్చే బండి లక్షణాలు ఇవీ. పొట్టిగా ఉండాలి, అవసరమైతే జత కలిసేలా ఉండాలి, ఒక యంత్రం మీదే ఆధారపడకూడదు.

తీగల కింద డీజిల్ ఎందుకు దండగ?

ఇక తీగలు వచ్చేసిన లైన్ల సంగతి. ఇక్కడ డెము కంటే మెము అన్ని రకాలుగా మేలు. మెములో డీజిల్ ఇంజిన్ ఉండదు కాబట్టి పొగ లేదు, ఇంధనం నింపే పని లేదు. కొత్త త్రీఫేజ్ మెములు బ్రేక్ వేసినప్పుడు పుట్టే కరెంటుని తిరిగి తీగలకు పంపిస్తాయి. అన్నిటికంటే ముఖ్యం, ఆగి మళ్లీ వేగం అందుకోవడం.

ఉదాహరణకు ఒక లైన్‌లో 15 స్టాపులు ఉన్నాయనుకుందాం. ఒక్కో స్టాపు దగ్గర ఒక నిమిషం కలిసొస్తే మొత్తం పావుగంట మిగులుతుంది. రానూపోనూ అరగంట. అదే బండితో సాయంత్రానికి ఇంకో ట్రిప్పు వేయొచ్చు. నాలుగైదు కిలోమీటర్లకు ఒక స్టేషన్ ఉండే లైన్‌లో టాప్ స్పీడ్ 100 అయినా 110 అయినా పెద్ద తేడా రాదు. బయల్దేరేటప్పుడు ఎంత చురుగ్గా కదులుతుందన్నదే అసలు లెక్క.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. నాలుగు బోగీల డెము రోజుకు నాలుగు ట్రిప్పులు తిరిగే చోట, దాన్ని తీసేసి పొడవాటి మెముని రెండు ట్రిప్పులు నడిపితే కాగితం మీద సీట్ల సంఖ్య తగ్గదు. కానీ పొద్దున కాలేజీకి వెళ్లిన అమ్మాయికి మధ్యాహ్నం తిరిగొచ్చే బండి ఉండదు. డీజిల్ పోయింది, బండి కొత్తగా ఉంది, సర్వీస్ మాత్రం సగమైంది. విద్యుదీకరణ లాభం ఊరికి చేరాలంటే మెము పొట్టిగా ఉండాలి, ట్రిప్పులు తగ్గకూడదు.

హైడ్రోజన్ రైలు సమాధానమేనా?

ఈ చర్చలో హైడ్రోజన్ పేరు బాగా వినిపిస్తోంది. హర్యానాలోని జింద్ - సోనిపట్ మార్గం కోసం ఒక డెము రేక్‌నే హైడ్రోజన్ ఫ్యూయల్ సెల్ బండిగా మార్చే పైలట్ ప్రాజెక్టుని రైల్వే చేపట్టింది. దీని అంచనా వ్యయం రూ.111.83 కోట్లు. రెండు పవర్ కార్లు, ఎనిమిది ప్రయాణికుల బోగీలు. ఈ పనిలో హైదరాబాద్ కేంద్రంగా ఉన్న మేధా సర్వో డ్రైవ్స్ సంస్థ ఉండటం మనకు ఆసక్తికరం. 2025 జులైలో చెన్నై ఐసీఎఫ్‌లో పవర్ కార్ పరీక్ష కూడా జరిగింది.

టెక్నాలజీ నేర్చుకోవడానికి ఇది అవసరమే. కానీ ఖర్చు చూడండి. హెరిటేజ్, కొండ మార్గాల కోసం ప్రతిపాదించిన 35 హైడ్రోజన్ రైళ్లకు ఒక్కో బండికి రూ.80 కోట్లు, ఒక్కో మార్గంలో మౌలిక వసతులకు మరో రూ.70 కోట్లు అని ప్రభుత్వమే అంచనా చెప్పింది. తీగలు వేయడం కష్టమైన కొండ లైన్‌కి ఇది అర్థమయ్యే లెక్క. తీగలు ఉన్న మామూలు బ్రాంచ్ లైన్‌కి మాత్రం అస్సలు పొసగదు.

ఈ విషయంలో జర్మనీ అనుభవం కళ్ల ముందే ఉంది. లోయర్ శాక్సనీ రాష్ట్రం 2022లో 14 హైడ్రోజన్ రైళ్లతో లైన్ నడిపి ప్రపంచం దృష్టిని ఆకర్షించింది. ఏడాది తిరిగేసరికి, ఇకపై కొనేవి బ్యాటరీ రైళ్లేనని, వాటి నిర్వహణ ఖర్చు తక్కువని తేల్చేసింది. పక్కనే ఉన్న ష్లెస్‌విగ్ - హోల్‌స్టైన్ రాష్ట్రం 55 బ్యాటరీ రైళ్లతో డీజిల్ బండ్లను మార్చే పని 2023లో మొదలుపెట్టింది. తీగ ఉన్న చోట ఛార్జ్ చేసుకోవడం, లేని చోట బ్యాటరీతో వెళ్లడం.. ఇదీ వాళ్ల పద్ధతి.

మరి ఉన్న డెములను ఏం చేయాలి?

తుక్కు కింద అమ్మేయడం తేలిక. కానీ బోగీల ఆయుష్షు సాధారణంగా పాతికేళ్లు. ఇంకా పదేళ్లు తిరగగలిగే బండికి పని దొరికే చోట్లు ఉన్నాయి. తీగలు ఇంకా పడని కొత్త లైన్లు ఒకటి. తుఫానుకి తీగలు తెగినప్పుడు వాడుకునే రిజర్వ్ బండ్లు రెండోది. పొరుగు దేశాలు మూడోది.

శ్రీలంక రైల్వే మొత్తం డీజిల్ మీదే నడుస్తోంది. భారత్ ఇచ్చిన డీజిల్ రైలు సెట్లు అక్కడ ఇప్పటికే తిరుగుతున్నాయి. నేపాల్ కూడా జయనగర్ - కుర్తా మధ్య 35 కిలోమీటర్ల లైన్ కోసం మన ఐసీఎఫ్ తయారీ 1600 హార్స్‌పవర్ డెములు రెండు తీసుకుంది. 2020 సెప్టెంబర్‌లో బండ్లు చేరాయి. కానీ సర్వీస్ మొదలైంది 2022 ఏప్రిల్‌లో. కోవిడ్, సిబ్బంది, నిబంధనలు.. ఇలా కారణాలు చాలా ఉన్నాయి. బండి కొన్నంత మాత్రాన లైన్ నడవదని, దాన్ని నడిపే మనుషులు, రిపేర్ చేసే షెడ్ కూడా లెక్కలోకి రావాలని ఆ ఏడాదిన్నర ఆలస్యం చెబుతోంది.

బండి ఎంచుకునే ముందు అడగాల్సిన ప్రశ్నలు

1. తీగలు ఉన్నాయా? ఉంటే డీజిల్ వద్దు. రెండు మూడేళ్లలో వస్తాయంటే కొత్త డీజిల్ బండి కొనొద్దు, ఉన్న డెముని తాత్కాలికంగా తెచ్చి నడపాలి.

2. స్టేషన్ల మధ్య దూరం ఎంత? దగ్గర దగ్గరగా ఉంటే టాప్ స్పీడ్ కాదు, పికప్ చూడాలి.

3. ప్రయాణం ఎంతసేపు? అరగంట దారికి బెంచీ సీట్లు చాలు. మూడు గంటల దారిలో మరుగుదొడ్డి లేని బండి వేస్తే మహిళలు, వృద్ధులు, షుగర్ పేషెంట్లు ఎక్కరు.

4. చెడిపోతే బదులు బండి ఏది? ఈ ప్రశ్నకు జవాబు లేకపోతే ఎంత చవకైనా వద్దు.

5. ప్లాట్‌ఫామ్ ఎత్తు ఎంత? చిన్న హాల్ట్‌లలో నేల ఎత్తులోనే ఉండే ప్లాట్‌ఫామ్‌లు ఎక్కువ. మెట్లు సరిగా లేని బండి అక్కడ ప్రమాదమే.

పోటీ బస్సుతోనే

చిన్న లైన్లకు ఇప్పుడు అసలు పోటీ బస్సు నుంచే. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఏపీలో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం అమల్లో ఉంది. కోవిడ్ తర్వాత రూ.30కి పెరిగిన పాసింజర్ రైలు కనీస ఛార్జీ 2024 ఫిబ్రవరిలో మళ్లీ రూ.10కి వచ్చింది. మంచిదే. కానీ ఒకవైపు ఉచితం ఉన్నప్పుడు పది రూపాయల టికెట్ ఒక్కటే జనాన్ని లాగలేదు. రైలు గెలవాలంటే టైమ్‌కి రావాలి, బస్సు కంటే త్వరగా చేర్చాలి, తిరుగు బండి ఉందన్న భరోసా ఇవ్వాలి.

ముందున్న పరీక్షలు కూడా మన దగ్గరే ఉన్నాయి. గౌతమి, వైనతేయ, వశిష్ట పాయలు దాటి కోటిపల్లి నుంచి నరసాపురం వరకు వేస్తున్న కోనసీమ లైన్ ఒకటి. సిద్దిపేట దాటి సిరిసిల్ల మీదుగా కొత్తపల్లి వైపు సాగుతున్న లైన్ ఇంకొకటి. వంతెనలు, పట్టాలు ఎప్పుడు పూర్తవుతాయని నేతలను అడుగుతున్న జనం ఇంకో ప్రశ్న కూడా ఇప్పుడే అడగాలి. తొలి రోజు జెండా ఊపాక రోజుకు ఎన్ని బండ్లు తిరుగుతాయి, మొదటిది ఎన్నింటికి, చివరిది ఎన్నింటికి? ముందు ఆ టైమ్‌టేబుల్ రాసుకుంటే డెము కావాలా, మెము కావాలా, ఎన్ని బోగీలు కావాలి అన్నది దాన్ని బట్టే తేలుతుంది. అలా కాకుండా ఎక్కడో మిగిలిన బండిని తెచ్చి, అది తిరిగిన టైమ్‌లోనే జనాన్ని రమ్మంటే మాత్రం వందల కోట్ల లైన్ మీద ఖాళీ బోగీలే తిరుగుతాయి.