వాగునీటి బలము

మన ఉన్నత పాఠశాలలో పదవ తరగతి చదువు బాలుని న్యూటను పండితుని చలనసూత్రములు చెప్పుమనిన, తడుముకొనక మూడింటిని అప్పగించును. 1687వ సంవత్సరమున లాటిను భాషలో వెలువడిన యా సూత్రములు నేడు చర్లలో తెలుగున వల్లింపబడుట సంతోషమే. కాని యా బాలుడే వానకాలమున పుస్తకముల సంచి నెత్తిన బెట్టుకొని మొలలోతు వాగులో దిగుచున్నాడు. పాఠము వానివెంట వాగువరకైనను పోలేదన్నమాట! బలము, చలనము, శక్తి యను పాఠములను మన ప్రాంతమున మొట్టమొదట వాగును జూపియే బోధింపవలెనని మా యభిప్రాయము.

ఇంటి మాటలలో బలమన్నను శక్తియన్నను ఒక్కటే. శాస్త్రమున నట్లు కాదు. కొండమీది నీటిలో నిలువయున్నది స్థితిశక్తి. నీరు పల్లమునకు పరుగిడునప్పు డది గతిశక్తిగా మారును. అడ్డునిలిచిన మన కాలిని త్రోయునది బలము. ఈ మూడింటిని ఒక్కచోట జూపుటకు వాగును మించిన ప్రయోగశాల యేది?

లెక్క వేసి చూతము. 30 కిలోల బరువుగల బాలుడు మొలలోతు నీటిలో దిగిన, వాని దేహము సుమారు సగము మునుగును. ఆర్కిమెడీసు చెప్పినట్లు, తొలగిన నీటి బరువెంతయో అంత బలముతో నీరు వానిని పైకెత్తును. కనుక వాని పాదములు నేలను అదుమునది 15 కిలోల మేరకు మాత్రమే. కాలికి పట్టునిచ్చునది ఘర్షణ. అది యీ అదుముడునుబట్టి యుండును. గులకరాళ్లపై అందులో సగము చిక్కిన చిక్కవచ్చును, నాచురాతిపై అదియును చిక్కదు. అనగా వానిని నిలుపునది ఏడెనిమిది కిలోల పట్టు. ఇక నీరు సెకనుకు 1 మీటరు చొప్పున, అనగా మనిషి తాపీగా నడచు వేగమున పారుచున్నను, వానిని సుమారు 8 కిలోల బరువుకు సమానమైన బలముతో త్రోయును. అప్పటికే కాలు జారుచున్నది. వేగము రెట్టింపైన త్రోపు రెట్టింపు కాదు, నాలుగు రెట్లగును: 32 కిలోలు. ఏలయన, సెకనుకు తగులు నీరు రెట్టింపగును. తగులు వేగమును రెట్టింపగును. (రెట్టింపు వేగమున పోవు మోటారుసైకిలు బ్రేకు వేసిన పిమ్మట నాలుగు రెట్ల దూరము పోయి ఆగుటయు ఇట్టి లెక్కయే.)

మనవారు అపాయమును లోతునుబట్టి కొలుతురు. అది గోదావరి నేర్పిన అలవాటు. భద్రాచలమున 43, 48, 53 అడుగుల వద్ద మూడు హెచ్చరికలు, 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు అని పిల్లలును చెప్పగలరు. వాగునకట్టి కొలబద్ద లేదు. అచ్చట లోతుకంటె వేగము చెరుపుచేయును. పైగా తాలిపేరు నీరు ఛత్తీసుగఢు కొండలనుండి వచ్చునది. అచ్చట వాన కురిసిన, ఇచ్చట చినుకైనను పడకయే పెదమిడిసిలేరు వద్దనున్న ఆనకట్ట గేట్లు ఎత్తవలసి వచ్చును. ఆకాశమును జూచి వాగును నమ్మరాదు.

పరికరములు లేక శాస్త్రమెట్లు చెప్పుదుమని కొందరు ఉపాధ్యాయులందురు. 10 మీటర్ల త్రాడు, ఒక ఎండుపుల్ల, ఒక గడియారము చాలును. ఒడ్డుననే త్రాడు పరచి, పుల్లను నీట వేయించి, ఆ దూరము పోవుటకెన్ని సెకనులైనవో లెక్కింపవలెను. 10 సెకనులైన వేగము సెకనుకు 1 మీటరు. 5 సెకనులైన 2 మీటర్లు. ఈ పని వేసవిలో, నీరు పాదములోతున నుండగా, ఉపాధ్యాయుని యెదుట జరుగవలెను. వరదలో పిల్లలెవరును నీటి దరికి పోరాదు.

తలిదండ్రులకొక మాట. "దేవుడే దాటించును" అని బిడ్డను నీట దింపువారిని మేమెరుగుదుము. దేవాలయ శిఖరమునుండి దుముకుమని శోధకుడు వాక్యమునే చూపి పలికినను మన ప్రభువు దుమకలేదు. "అమ్మా, నీరు వడిగానున్నది, నేడు వద్దు" అని బిడ్డ యన్నచో అది బడి ఎగవేయు సాకని కసరకుడు. వాడు పాఠము నేర్చుకొన్నాడని యెంచుడు.

ప్రధానోపాధ్యాయులవారికి మా మనవి యిది: వాగు పొంగినందున రాలేకపోయిన పిల్లలకు హాజరుపట్టీలో వేరొక గుర్తు ఏర్పరచి, వారి హాజరు తగ్గకుండ జూడవలెను. వచ్చు జూనుకు ముందే ఈ యేర్పాటు జరిగిన మేలు.