పాటలోని రొదయా, పెట్టెలోని రొదయా?

ఈ నెల మేము వంటను గూర్చి గాని కుట్టుపనిని గూర్చి గాని వ్రాయుట లేదు. మా యింట జరిగిన యొక పొరపాటును దాచుకొనక మీకు చెప్పదలచితిమి. ఇట్టిది మీ యింటను జరుగవచ్చును.

మా అత్తగారు మంగళహారతులు పాడుటలో మా వీధిలో పేరు గన్నవారు. 1988వ సంవత్సరమున మా చిన్న ఆడుబిడ్డ వివాహమున బంధువులలో నొకరు టేపురికార్డరును ఆమె యెదుట నుంచి యేడు పాటలు పట్టియుంచిరి. ఆమె పోయి పదునాలుగేండ్లయినది. ఆ క్యాసెట్టు మా బీరువాలో పట్టుచీరెల నడుమ భద్రముగా నుండెను. నిరుడు మా పెద్ద ఆడుబిడ్డ కుమారుడు దానిని కంప్యూటరులోని కెక్కించెను. ఈ వేసవిలో మా అమ్మాయి వివాహము. హారతి వేళ నాయనమ్మ గొంతే వినిపింపవలెనని అమ్మాయి పట్టుపట్టెను.

వివాహమునకు పది దినములు ముందుగా ల్యాప్‌టాపును హాలులోని పెద్ద యాంప్లిఫయరునకు తగిలించి పాట పెట్టితిమి. గొంతు వెనుక తేనెటీగల తుట్టె కదలినట్లు ఒకటే హోరు. మేనల్లుడు, "అత్తయ్యా, క్యాసెట్టు పాతది, రొద దానిలోనిదే. రెండు నిమిషములలో కడిగి యిచ్చెదను," అనెను. ఆడాసిటీ యను ఉచితమైన సాధనమొకటి కలదు. పాట లేని చోట రొదను కొంచెము దానికి వినిపించినచో, అట్టి ధ్వనిని పాట పొడవునను తగ్గించివేయును. మంచి సాధనమే. అయినను అది మనిషి గొంతునకును రొదకును భేదము మనవలె ఎరుగదు. ఎక్కువగా తోమినచో కళాయి కూడ పోవును. మొదటి పాటను కడిగి వినిపించగా అత్తగారు కుండలో తల పెట్టి పాడినట్లుండెను. చరణమునకు చరణమునకు నడుమ ఆమె తీసికొను ఊపిరి మాయమైనది. పైగా కడిగిన పాటను పాత పేరుతోనే దాచియుండెను. అందుచే మొదటి ప్రతి చెరిగిపోయెను. మా గుండె గుభిల్లుమన్నది.

ఇంత చేసినను హోరు రవంతయు తగ్గలేదు. అది చూచి మాకు బుద్ధి వచ్చినది. పాటను ఇంతగా తోమినను పోని రొద పాటలోనిది ఎట్లగును? పాటను ఆపి వింటిమి. పాట ఆగినను హోరు ఆగలేదు! ఈ పరీక్ష మొదటనే చేసియుండవలసినది.

తరువాత హెడ్‌ఫోనులను ల్యాప్‌టాపునకు తగిలించి వినగా హోరు లేదు. టేపునకు సహజమైన సన్నని బుస మాత్రమే వినవచ్చెను. కావున దోషము కంప్యూటరునకు ఆవల నున్నది. యాంప్లిఫయరు వెనుక నుండి పాట తీగను ఊడదీసితిమి. అది నోరు మూసుకొన్నది. కావున యాంప్లిఫయరులోను దోషము లేదు. (తీగను కంప్యూటరు వైపున ఊడదీసి వ్రేలాడగట్టినచో ఆ కొసయే చుట్టునున్న విద్యుత్తును పట్టి హోరుమనును, మోసపోకుడు.) మరల తీగ తగిలించి, ల్యాప్‌టాపు ఛార్జరును గోడనుండి తీసి బ్యాటరీ మీద నడపితిమి. తక్షణము హోరు ఆగిపోయెను. ఛార్జరు పెట్టితిమి; మరల వచ్చెను. దొంగ దొరకెను.

దీని కారణము కొంచెము ఓపికగా వినవలెను. మన యిండ్లకు వచ్చు విద్యుత్తు సెకనునకు 50 మారులు ఊగిసలాడును. అందుచే దాని రొద 50గాను, దాని రెట్టింపు 100గాను, ఆపై మెట్లుగాను వినబడును. చెవికి లోతైన హోరుగా తోచును. శ్రుతిపెట్టె ఎక్కడనో మోగుచున్నదని మా వంటావిడ అనుకొన్నది. మా ల్యాప్‌టాపు హాలులో ఒక బోర్డునకును, యాంప్లిఫయరు దేవుని గది ప్రక్కనున్న వేరొక బోర్డునకును తగిలించియుంటిమి. రెండింటికిని వేరు వేరు త్రోవల ఎర్తు కలదు. రెండు మళ్లలో నీటిమట్టము అంగుళము తేడాగా నుండి నడిమి గట్టునకు గండి పడినచో నీరు పారును గదా! ఇచట ఆ గండి పాట తీగయే. దాని పైతొడుగు వెంట రెండు ఎర్తుల నడుమ సన్నని విద్యుత్తు పారి పాటతో కలియును. ఛార్జరు తీసివేయగా ఆ త్రోవ తెగినది.

మా మేనల్లుడు, "ఛార్జరు ప్లగ్గుకు లావు కాలు విరిచివేసిన సరి," అనెను. సోదరీమణులారా, ఈ మాట ఎవరు చెప్పినను వినకుడు! ఆ లావు కాలే ఎర్తు. లోపల ఎప్పుడైన తీగ ఒరసి యినుప తొడుగునకు విద్యుత్తు సోకినచో ఆ త్రోవననే భూమిలోనికి పోవును. అది లేనినాడు మన చేతిగుండ పోవును. హోరు పోవుటకు ప్రాణము పణము పెట్టనేల? ఎర్తుగల యెక్స్‌టెన్షను బోర్డు నొకదానిని తెచ్చి రెండింటిని దానికే తగిలించితిమి. హోరు పదింట తొమ్మిది పాళ్లు పోయెను. మిగిలినదానికి పాట తీగ నడుమ తగిలించు చిన్న పెట్టె యొకటి అమ్ముదురు. దానిని గ్రౌండు లూప్ ఐసొలేటరందురు. అందు బుల్లి ట్రాన్స్‌ఫార్మరు లుండును. పాట అయస్కాంత శక్తిచే ఆవలికి దాటునే గాని, రెండు వైపులకు తీగ సంబంధ ముండదు. అది పెట్టినంతనే పూర్ణముగా నిశ్శబ్దము.

హోరు గాక వేరు రొదలును కలవు. చెవితో పోల్చుకొనవచ్చును. ఎడతెగని బుస యైనచో తరచుగా మనమే కారకులము. కంప్యూటరులో ధ్వని బాగుగా తగ్గించి స్పీకరు మీటను చివరివరకు త్రిప్పుదుము. అప్పుడు స్పీకరు తన సొంత బుసనే పెద్దది చేయును. కంప్యూటరులో ముప్పాతికకు పైగా నుంచి స్పీకరు వద్ద తగ్గించుకొనుడు. ఎలుకను కదల్చినప్పుడెల్ల కీచుమన్నచో ఆ రొద కంప్యూటరు లోపలిది, యు.ఎస్.బి. సౌండు కార్డొకటి బయట తగిలించినచో పెక్కుసారులు పోవును. చిటపటలాడుచు పాట తెగి తెగి వచ్చినచో, తీగలు గట్టిగా నున్నప్పుడు, కారణము తరచుగా వేరు. కంప్యూటరు ఇతర పనులలో మునిగి ధ్వని తునుకలను వేళకు అందింపలేకుండవచ్చును. తెరచియుంచిన పనులు మూసిచూడుడు.

మా పొరుగింటి యిల్లాలు తన కుమార్తెకు కంప్యూటరు ద్వారా వీణ చెప్పించుచున్నారు. నడుమ నడుమ స్పీకరులో టకటక మని కప్ప అరచినట్లు ధ్వని. చూడగా స్పీకరు మీదనే ఆమె పాత మొబైలు! రెండవ తరము మొబైళ్లు మాటలను సెకనునకు 217 విడతలుగా పంపును. ఆ విడతలే స్పీకరులో రొదయగును. మొబైలును రెండు బారల దూరము పెట్టుటతో పాఠము సుఖముగా సాగినది. మరియొక చోట వంటింటి బ్లూటూతు స్పీకరు పాలు కాచునప్పుడే నత్తి కొట్టుచుండెను. మైక్రోవేవు పొయ్యియు బ్లూటూతును ఇంచుమించు ఒకే తరంగములను వాడుకొనుటచే ఈ చిక్కు. ఫ్యాను వేగమును తగ్గించినప్పుడు మాత్రమే గుర్రుమన్నచో రెగ్యులేటరును, కరెంటు పోయినప్పుడు మాత్రమే గుర్రుమన్నచో చౌకరకపు ఇన్వర్టరును అనుమానింపుడు.

చెరిగిపోయిన మొదటి పాట మాట చెప్పలేదు గదా. క్యాసెట్టు ఇంకను మా బీరువాలోనే యుండుటచే బ్రతికితిమి. దానినుండి మరల ఎక్కించి, ఈసారి ఏడు పాటలను రెండు చోట్ల దాచి, ఆ మీదనే మేనల్లుని తాకనిచ్చితిమి. టేపు బుసను తీయవలదని చెప్పితిమి.

హారతి వేళ మండపములో ఆమె గొంతు వినవచ్చినప్పుడు మా వారు తల వంచుకొని నిలబడిరి. మూడవ పాట నడుమ వెనుకనుండి ఒక పసిబిడ్డ గుక్కపట్టి యేడ్చుట వినబడును. ఆ వివాహమునాటికి మా పెద్ద ఆడుబిడ్డ చంటిబిడ్డతో వచ్చియుండెను. ఆమె కుమారుని వంక చూచి నవ్వి, "అది నీ యేడుపేరా," అనెను. అతడు సిగ్గుపడి, "అత్తయ్యా, దీనిని కూడ తీసివేయమందువా?" అని మమ్ము అడిగెను. వాని తల్లి ఒప్పుకొనలేదు.