బోదకాలు — మన కర్తవ్యము

కాలిలో ముల్లు గ్రుచ్చుకొని చీము పట్టినపుడు గజ్జలో బిళ్ళ కట్టుట మన పల్లెలలో నెల్లరు నెరిగినదే. ముల్లు పాదమునందుండగా వాపు గజ్జలో నేల పొడమవలెనని విచారించువారు మాత్రము తక్కువ. ఆ విచారణ చేసినచో మన శరీరమున జరుగు రక్షణోద్యమ మంతయు బోధపడును. బోదకాలు విషయమున మనము చేయుచున్న పొరపాటును తేటపడును.

రక్తనాళములనుండి స్రవించు ద్రవములో కొంత భాగము నాళములకు మరల చేరక కణముల సందులలో నిలిచిపోవును. దినమునకు రమారమి 3 లీటర్లుండు ఈ ద్రవమును తిరిగి రక్తమున కలుపుటకై సన్నని కాలువలు దేహమంతట వ్యాపించియున్నవి. ఈ కాలువలలో ప్రవహించు ద్రవమును శోషరసమనియు, లింఫు అనియు వైద్యులు వ్యవహరింతురు. దీనిని నడపుటకు గుండెవంటి యంత్రము లేదు. నడకలో కదలు కండరముల ఒత్తిడియు, కాలువగోడల సంకోచమును దానిని పైకి నడుపును. వెనుకకు జారకుండ లోపల కవాటములు కలవు. త్రోవ పొడవున కొన్నివందల గ్రంథులు ఠాణాలవలె నిలిచియున్నవి. ముల్లుతో ప్రవేశించిన సూక్ష్మజీవులు ఈ ప్రవాహమున గజ్జలోని ఠాణాకు చేరును. అచ్చటి తెల్లకణములు శత్రువును గుర్తించి, తమవంటివానిని వేలకొలది పుట్టించి, ఆ శత్రువునకు తగిన ప్రతిరక్షకములను సిద్ధపరచును. ఆ సన్నాహమే మనము చేతితో తడవి చూచు బిళ్ళ. పోరు ముగిసిన పిమ్మట కొన్ని కణములు ఆ శత్రువును జ్ఞాపకముంచుకొనును. టీకాలు మనలను కాపాడుట ఈ జ్ఞాపకము వలననే.

ఇట్టి కోటలోపలనే కాపురము పెట్టు శత్రువొకటి కలదు. అదియే బోదకాలు పురుగు. మురుగునీట పెరుగు క్యూలెక్సు దోమ కుట్టినపుడు దాని పిల్లలు చర్మముపై బడి, ఆ గాయమున లోనికి దూరి, శోషరస నాళములను చేరి, దారమువంటి పురుగులై 6 మొదలు 8 సంవత్సరములు బ్రతుకును. రక్షకకణములను మభ్యపెట్టు పదార్థములను స్రవించుచు, లక్షలకొలది సూక్ష్మక్రిములను రక్తములోనికి విడుచును. మన దేశమునందలి ఈ క్రిములు పగలు లోపలి అవయవములలో దాగి, దోమలు కుట్టు రాత్రివేళ పైరక్తమునకు వచ్చును. కొంతకాలమునకు నాళములు సాగి కవాటములు చెడును. గట్లు తెగిన కాలువనీరు చేలను ముంచినట్లు శోషరసము కాలిలో నిలిచిపోవును. ఆ కాలికి రక్షకబలము సరిగా అందదు. వ్రేళ్ళసందుల పగుళ్ళలో ప్రవేశించు సామాన్య సూక్ష్మజీవులే చలిజ్వరమును, మంటను పుట్టించును. ఇట్టి జ్వరము వచ్చినపుడెల్ల కాలు మరికొంత లావగును.

ఈ నష్టము కంటికి కనబడుటకు పెక్కేండ్లు పట్టును. పురుగు సోకినవారిలో చాలమంది ఆరోగ్యవంతులవలె తిరుగుచు, తమకు తెలియకయే దోమల మూలమున ఇరుగుపొరుగువారికి వ్యాధిని పంచుచుందురు. అందుచేతనే వ్యాధి గల మండలములలో 2004 మొదలు ఏటేట ఇంటింటికి మాత్రలు పంచుచున్నారు. పేదలు మ్రింగుచుండగా, చదువుకొన్నవారు, మేడలలోనివారు పలువురు “రోగము లేని మాకు మందేల?” యని వానిని గూటిలో పెట్టుచున్నారు. ఇది ఎంతమాత్రమును తగదని మా అభిప్రాయము. మాత్ర మ్రింగనివాని రక్తము దోమలకు తరుగని కొట్టు వంటిది.

ఈ ఉపేక్ష మనకు మరియొక కారణమున లజ్జాకరము. ఈ మాత్రలలో ప్రధానమైన డైఇథైల్ కార్బమజీన్, లెడర్లీ పరిశోధనాలయమునకు మన యెల్లాప్రగడ సుబ్బారావుగారు నాయకత్వము వహించిన కాలమున, 1947 లో వెలువడినది. 1895 లో భీమవరమున జన్మించి, అమెరికాకు వెడలి, మాతృభూమిని మరల చూడకయే 1948 లో న్యూయార్కున దివంగతులైన ఆ మహనీయుని కృషిఫలమును ఖండాంతరములలోని ప్రజలు అనుభవించుచున్నారు. ఆయన పుట్టిన గోదావరితీరమున బోదకాలు తరతరములుగా ఎరిగిన వ్యాధి. ఇచ్చటివారే దానిని నిరాకరించుట న్యాయమా?

మాత్ర వేసికొన్న మరునాడు జ్వరము, తలనొప్పి వచ్చినవని కొందరు భయపడుచున్నారు. ఈ భయమును ఎగతాళి చేయక, దాని కారణమును తెలుపుట యుక్తము. ఈ మందు పరీక్షనాళికలో సూక్ష్మక్రిములను అంతగా బాధింపదు; శరీరమునందు మాత్రము రక్షకకణముల తోడ్పాటుతో వానిని శీఘ్రముగా రూపుమాపును. క్రిములు గుంపుగా చచ్చునపుడు దేహము స్పందించుటయే ఆ జ్వరము. క్రిములు అధికముగా గలవారికే అది ఎక్కువగా వచ్చును. సాధారణముగా కొలదిదినములలో తగ్గును. బాధ అధికమైనచో వైద్యుని చూడవలెను. రెండేండ్లలోపు శిశువులకు, గర్భిణులకు, తీవ్రరోగులకు ఈ మాత్రలు ఈయరు. తక్కినవారెల్లరు పంచువారి యెదుటనే మ్రింగుట మంచిది.

అయితే మాత్రలతోనే పని ముగియదు. వాచిన కాలు వానితో మునుపటివలె కాదు. దినదినము సబ్బుతో కడిగి, వ్రేళ్ళసందులు తడిలేకుండ తుడిచి, పుండ్లకు వెంటనే చికిత్స చేయించి, కూర్చున్నపుడు కాలు ఎత్తుగా నుంచినచో జ్వరములు తగ్గి వాపు పెరుగకుండును. ఇది వంశమున వచ్చు వ్యాధి కాదు. తాకిన అంటుకొనునది కాదు. బోదకాలు గలవారి యింట సంబంధము చేసికొనుటకు వెనుదీయుట అజ్ఞానము. పురపాలక సంఘములు మురుగుకాలువలను పారునట్లు చేయవలెను. గృహస్థులు మరుగుదొడ్ల గొట్టములకు వల కట్టవలెను. భూస్వాములు తమ పాలేళ్ళచేతను, కూలీలచేతను మ్రింగించుటకు ముందు తాము మ్రింగి చూపవలెను.

2015 నాటికి ఈ వ్యాధిని తొలగింతుమని 2002 నాటి జాతీయ ఆరోగ్య విధానము చెప్పినది. ఆ గడువు దాటినది. పిమ్మట 2027 ను గడువుగా ప్రకటించిరి. ప్రభుత్వము మందును గుమ్మము వరకు తేగలదు. గుమ్మము దాటి గూటిలో పడియున్న మాత్రకు మనమే బాధ్యులము.