తట్టి వింటే తెలుస్తుంది

వానలే లేని ఊళ్లో కార్లకు తుప్పేమిటని అడుగుతారు. అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. విశాఖ ఉప్పుగాలి బెడద గుంతకల్లు బళ్లకు లేదు, నిజమే. ఇక్కడి శత్రువు దుమ్ము. తలుపు అడుగున నీళ్లు కారిపోవడానికి చిన్న చిల్లులుంటాయి. మట్టి వాటిని పూడ్చేస్తే, ఎప్పుడో పడ్డ వాన, బండి కడిగిన నీళ్లు లోపలే నిలుస్తాయి. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, కింద రేకు జల్లెడవుతుంది.

ఈ సంచికలో ప్రధాన కథనం పాత అంబాసిడర్ల రేకుపని గురించే. 2014లో తయారీ ఆగిపోయిన ఆ కారుకు ఇప్పుడు దిక్కు టింకరింగ్ మేస్త్రీలే. మంచి మేస్త్రీ ముందు సుత్తితో తట్టి వింటాడు. ఖంగుమంటే రేకు, మొద్దుగా పలికితే పుట్టీ. కుళ్లినచోట గట్టి ఇనుము తగిలేదాకా కోసి, అదే మందం రేకుముక్క అతికిస్తాడు. వెల్డింగ్ ఒకే గీతగా లాగడు. అక్కడో చుక్క, ఇక్కడో చుక్క. వేడంతా ఒకేచోట చేరితే రేకు వంకర్లు పోతుంది మరి.

చాలామందికి ఇంత ఓపిక ఉండదు. తుప్పు మీదే పుట్టీ దట్టించి రంగు కొట్టేస్తారు. నా బండికీ అదే జరిగింది. రెండేళ్లకే బొబ్బలు లేచాయి.

ఇనుము సంగతి మాకు చెప్పాలా అని మా రైల్వే పాఠకులు నవ్వుతారేమో. అయినా ఒక్క మాట: అతుకు లోపలివైపూ ప్రైమర్ పూయించండి. ఆ హడావుడిలో అడుగు చిల్లులు మాత్రం మూసేయకండి.