పొరుగింటి లెక్కయు, మన లెక్కయు

గత జూన్ మాసమున బడి తెరచిన రెండవ దినమున ఒక తండ్రి మా యొద్దకు వచ్చి, తన కుమారుని దాఖలా ఇప్పింపుమని కోరెను. పిల్లవాడు తొమ్మిదవ తరగతి ముగించి పదవ తరగతికి వచ్చినవాడు. చదువున మందుడు కాడు. కారణమేమని అడిగితిమి.

"మా పక్కింటి పిల్లవాడు మావానికంటె మూడేండ్లు పెద్ద, సారూ. బట్టలు కుట్టు కార్ఖానాలో చేరినాడు. వాని చేత అరువదివేలు పోగైనవి. బండి కొన్నాడు. మూడేండ్లకు మావాడును వాని వయస్సువాడగును. అప్పుడు మావాని చేత ఏముండును? పుస్తకములా?" అని ఆయన పలికెను.

వెంటనే తగిన సమాధానము మాకు తోపలేదు. "వారము దినములాగి రండు" అని చెప్పి పంపితిమి. ఆ వారములో మేము ఆలోచించినదే ఈ వ్యాసము. ఆ ప్రశ్న ఆ ఒక్క తండ్రిది కాదు. మన షోలాపురపు తెలుగు వీధులలో మగ్గము ప్రక్కను, బీడీల చేట ముందును నిత్యము వినబడుచున్నదే. కనుక ఈ పత్రికలో వ్రాయ సాహసించుచున్నాము.

ఒకే వయస్సు వారిని ప్రక్కప్రక్కన నిలిపి, ఎవరి చేత ఎంత ఉన్నదని కొలుచుట లోకమున క్రొత్త కాదు. పెండ్లిండ్లలోను, మార్కండేయుని రథోత్సవమునాడును మనవారు మాటలాడుకొనునది చాలవరకు ఇదియే. ఇప్పుడు చేతిఫోనులలో ఆ కొలతకు పట్టికలు కూడ వచ్చినవి. అమెరికా దేశమందలి ఫిడెలిటీ అను మదుపు సంస్థ చెప్పు సూత్రమొకటి మాకొక మిత్రుడు పంపెను. ముప్పదవ యేట ఒక సంవత్సరపు జీతమంత, నలువదవ యేట మూడింతలు, ఏబదవ యేట ఆరింతలు, అరువదవ యేట ఎనిమిదింతలు, 67వ యేట పదింతలు నిలువ యుండవలెనట. ఆ సూత్రము తప్పని మేము అనము. నెలనెల జీతము తప్పక వచ్చువారికి, 67వ యేట పని మానువారికి, ఆ దేశపు స్థితిగతులకు తగినట్లు కట్టిన కొలత అది. వేయి బీడీలకు ఇంత యని కూలి పుచ్చుకొను తల్లికి, నూలు రాక మరమగ్గమాగిన వారమున కూలియే లేని తండ్రికి అది ఎట్లు సరిపడును? ఒకరి కొలతకు కుట్టిన అంగీని వేరొకరికి తొడిగి, బిగువైనదని తొడిగినవానిని నిందించుట న్యాయము కాదు.

పట్టికలలో మరియొక చిక్కును కలదు. మన దేశమున 2019లో జరిగిన అఖిల భారత ఋణ, పెట్టుబడుల సర్వే ప్రకారము నగరములందలి కుటుంబము యొక్క సగటు ఆస్తి సుమారు 27 లక్షల రూపాయలు. ఈ మాట విన్న మన కార్మికుడు తాను వెనుకబడిపోతినని దిగులుపడును. కాని ఆ ఆస్తిలో సగమునకు పైగా అగ్రమున నున్న పదవ వంతు కుటుంబముల చేతనే ఉన్నదని ఆ సర్వేయే చెప్పుచున్నది. పదవ తరగతి విద్యార్థులారా! సగటును, మధ్యగతమును మీరు గణితమున చదువుదురు గదా. ఒక వీధిలో అయిదు ఇండ్లు. నాలుగింటిలో వరుసగా 20, 30, 40, 50 వేల నిలువ. అయిదవది ఏబది లక్షలు గల కార్ఖానాదారుని ఇల్లు. సగటు కట్టినచో ఇంటికి 10,28,000 రూపాయలు వచ్చును. ఆ నాలుగిండ్లలో ఏ ఇంటివారును అంత సొమ్మును కన్నులజూచి యెరుగరు. మధ్యగతము 40,000 మాత్రమే. సగటును జూచి సిగ్గుపడిన ఆ నలుగురును లేని తప్పునకు సిగ్గుపడినవారగుదురు.

ఇట్టి సిగ్గు ఎంత చేటు చేయునో మాకు స్వానుభవమున తెలియును. మేము బీడీలు చుట్టిన తల్లి కడుపున పుట్టినవారము. ఉపాధ్యాయ శిక్షణ హైదరాబాదులో పొందితిమి. ముప్పదియారవ యేట ఆనాటి సహాధ్యాయుల కూటమునకు పోగా, మాతో ఒక బల్లపై కూర్చున్నవారు కొందరు ఇండ్లును, కొందరు ఇంటి స్థలములును కొనియుండిరి. ఒకే వయస్సు, ఒకే శిక్షణ. మాకు మాత్రము ఏమియు లేదు. తిరిగి వచ్చిన ఆరు మాసములలో ఊరి వెలుపల తొమ్మిది లక్షలకు ఒక స్థలము కొంటిమి. రెండు లక్షలు మావి. ఏడు లక్షలు అప్పు. రెండేండ్లకు వడ్డీ భారము మోయలేక అమ్మజూపగా ఆరు లక్షలకు మించి బేరము రాలేదు. అప్పు ఇంకను ఆరు లక్షల డెబ్బదివేలు మిగిలియుండెను.

ఆ రాత్రి మా అమ్మగారు తన భవిష్యనిధి కాగితములు చూచిపెట్టుమని మా ముందుంచిరి. 1952 నాటి భవిష్యనిధి చట్టము 1977లో బీడీ పరిశ్రమకును వర్తించినది; ఇంట కూర్చుండి చుట్టు స్త్రీలకును అది చెందునని తరువాత సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. ఆమె నిధిలో లక్షా పదివేలు, తపాలా కార్యాలయమున నలువదివేలు ఉండెను. అప్పు లేదు. కుంభారి యొద్ద 2006లో బీడీ కార్మికురాండ్రకు ఇచ్చిన పదివేల ఇండ్లలో, తన వంతు సొమ్ము చెల్లించి పొందిన చిన్న ఇల్లు వేరుగ ఉండెను. మేము కాగితముపై రెండు లెక్కలును ప్రక్కప్రక్కన వ్రాసితిమి. ఆస్తిలో అప్పు తీసివేయగా మాకు మిగిలినది సున్నకు క్రింద డెబ్బదివేలు. ఇంటి విలువ కలుపకయే మా తల్లి మాకంటె రెండు లక్షల ఇరువదివేలు పైన ఉండెను. ఊరివారి దృష్టిలో మేము స్థలము గల ఉపాధ్యాయులము, ఆమె బీడీల ముసలమ్మ. పొరుగువాని ఆస్తి మన కంటికి కనబడును; అతని అప్పు కనబడదు. అందుచేతనే పొరుగింటి లెక్క మనకెన్నడును సరిగా రాదు.

అయినను వయస్సును ధనమును కలిపి చూచుట పూర్తిగా వ్యర్థమని మేము చెప్పము. ఒక విషయమున అది మేలుకొలుపు. సంవత్సరమునకు 6,000 రూపాయలు, అనగా నెలకు 500, నూటికి ఏడు చొప్పున చక్రవడ్డీకి వేయుచున్నామని ఊహింతము. ఇరువదవ యేట మొదలిడి అరువదవ యేటి వరకు వేసినవాడు కట్టునది 2,40,000. చేతికి వచ్చునది సుమారు 11,98,000. నలువదవ యేట మొదలిడినవాడు కట్టునది 1,20,000. వచ్చునది సుమారు 2,46,000 మాత్రమే. ఇరువది నుండి ముప్పది వరకు పదియేండ్లు మాత్రము వేసి, ఆపై ముట్టకుండ అరువదవ యేటి వరకు ఉంచినవానికి 60,000 రూపాయలే సుమారు 6,31,000 అగును. వడ్డీ రేటు మారుచుండును, ధరలును పెరుగును, నాటి పన్నెండు లక్షలు నేటి పన్నెండు లక్షలు కావు. కాని కాలము చేయు సహాయము మాత్రము నిజము.

అప్పు విషయమున ఆ కాలమే శత్రువు. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి పదివేలు తెచ్చి, తీర్చక చక్రవడ్డీ కానిచ్చినచో ఇరువదినాలుగు నెలలకు అది ఇరువదివేలు దాటును. అట్టి అప్పు గల ఇంటిలో మొదటి పొదుపు ఆ అప్పు తీర్చుటయే.

"అట్లైన పదునారవ యేటనే కూలికి పంపి పొదుపు మొదలిడుట మేలు గదా?" అని ఆ తండ్రి అడుగవచ్చును. దీనికిని లెక్కయే చెప్పెదము. పదునారవ యేట నుండి నెలకు 500 వేసినవానికి అరువదవ యేట సుమారు 16 లక్షలు వచ్చును. చదివి, పని నేర్చి, ఇరువదిరెండవ యేట నుండి నెలకు 2,000 వేయగలిగినవానికి సుమారు 41 లక్షలు వచ్చును. చదివిన ప్రతివానికిని అంత మిగులునని మేము పూచీపడజాలము. కాని పదవ తరగతి గడువనివానికి డిప్లొమా ద్వారము మూతపడును. పారిశ్రామిక శిక్షణాలయములలో పలు పనుల ద్వారములును మూతపడును. పదునారేండ్ల బాలుని ఆస్తి అతని జేబులో లేదు. ముందున్న సంవత్సరములలో ఉన్నది. ఆ ఆస్తిని అరువదివేలకు అమ్మవలదు.

ఆ వారములోనే మేము ఆ పక్కింటి బాలునిగూడ చూచితిమి. అతని అనుమతితోనే ఈ మాటలు వ్రాయుచున్నాము, పేరు చెప్పము. తండ్రికి పక్షవాతము వచ్చినందున అతడు బడి మానెను. కూలిలో అధిక భాగము తల్లి చేతికిచ్చును. అరువదివేలలో నలువదివేలు భిశీ ముందుగా ఎత్తినవి, వాయిదాలింకను కట్టవలసియున్నవి. బండియు వాయిదాలదే. అతడు నిందింపదగినవాడు కాడు, నమస్కరింపదగినవాడు. మేము సెలవు తీసికొనునప్పుడు అతడు మెల్లగా, "సార్, పదిహేడవ నంబరు ఫారము నింపి బయటి విద్యార్థిగా పదవ తరగతి పరీక్ష వ్రాయవచ్చునట గదా? తెలుగు మాధ్యమములోనే వ్రాయనిత్తురా?" అని అడిగెను. వ్రాయవచ్చునని చెప్పితిమి. ఏ బాలుని జూచి ఆ తండ్రి తన కుమారుని బడి మాన్పింప దలచెనో, ఆ బాలుడు ఆ బడివైపే చూచుచుండెను.

వారమైన తరువాత ఆ తండ్రి వచ్చెను. ఈ లెక్కలన్నియు ఆయన ముందు వ్రాసి చూపితిమి. పక్కింటి బాలుడు అడిగిన ప్రశ్నయు చెప్పితిమి. ఆయన చాలసేపు మాటలాడలేదు. దాఖలా కొరకు తెచ్చిన అర్జీని మడిచి జేబులో పెట్టుకొని వెడలెను, చింపివేయలేదు. పిల్లవాడు నేటికిని బడికి వచ్చుచున్నాడు.

తల్లిదండ్రులారా! పిల్లల యెదుట పొరుగింటి పిల్లల సొమ్మును లెక్కింపకుడు. ప్రతి ఉగాదినాడు ఒక కాగితముపై ఒక ప్రక్క మీ ఆస్తిని, మరియొక ప్రక్క మీ అప్పును వ్రాసి తీసివేసి చూడుడు. నిరుటి ఉగాది కాగితముతోనే దానిని పోల్చుడు. వంద రూపాయలు పెరిగినను అది మీ గెలుపు. తరిగినచో కారణము వెదకుడు. ఇంట బీడీలు చుట్టు తల్లులు తమ భవిష్యనిధి సంఖ్యను, కాగితములను భద్రపరచుకొనవలెను.

విద్యార్థులారా! పదియేండ్లు నిండినవారు తపాలా కార్యాలయమున 500 రూపాయలతో తమ పేరనే ఖాతా తెరువవచ్చును. ఆ పుస్తకము మీది. అందలి అంకెను మీ స్నేహితుని అంకెతో సరిచూడవలదు. మీ తల్లిదండ్రుల ఉగాది కాగితమున తీసివేత సరిగా జరిగినదో లేదో మీరే సరిచూడుడు. మేము నేర్పిన గణితమునకు అంతకంటె మంచి పరీక్ష లేదు.